"అక్కడేముంది సార్?" అంటున్న పిల్లలను పానగల్లు ఎలా తీసుకుపోవాలి?

మునుగోడు సోషల్ సారు:

నమస్తే అందరికీ. మునుగోడు వైపు ఒక సర్కారు బడిలో సోషల్ చెప్తాను. డిసెంబర్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ఒక రోజు బయటికి తీసుకుపోవడానికి మా హెడ్మాస్టర్ ఒప్పుకున్నారు. 46 మంది పిల్లలు, ఒక బస్సు, తలకు 300 రూపాయలు. పొద్దున ఆరున్నరకు బయల్దేరి చీకటి పడేలోపు మళ్లీ ఇళ్లకు చేర్చాలి. ఇంతవరకు బాగానే ఉంది.

ఎక్కడికి పోదామని తరగతిలో అడిగితే సగం మంది ఫిల్మ్ సిటీ అన్నారు, సగం మంది సాగర్ అన్నారు. ఒకడు లేచి గోవా అన్నాడు, వాడిని కూర్చోబెట్టాను. బోర్డు మీద పానగల్లు, పిల్లలమర్రి, ఫణిగిరి అని రాశాను. "అక్కడేముంది సార్?" అని ముందు బెంచీ. "గుళ్లేగా" అని వెనక బెంచీ. తల్లిదండ్రుల మీటింగ్‌లోనూ ఇదే మాట. ఒక తండ్రి మర్యాదగానే అన్నాడు: "సారూ, మూడొందలు తీసుకుని పాడుబడ్డ గుడి చూపిస్తరా? మా ఊరి బయట ఒకటున్నది, ఫ్రీగా చూడమనండి."

కోపం రాలేదు. ఎందుకంటే నేనూ అలాంటోడినే. పుట్టింది నల్లగొండలో. పానగల్లు మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. చిన్నప్పుడు సైకిళ్లేసుకుని ఉదయసముద్రం కట్ట దాకా పోయేవాళ్లం, గుడివైపు మాత్రం తల తిప్పలేదు. 31వ ఏట అటుగా పోతుంటే బండి పంక్చరైంది. పంక్చర్ వేసే ఆయన "ముందు రెండు బండ్లున్నయి, ఛాయా సోమేశ్వరం చూసి రాపో" అన్నాడు. వేరే పని లేక పోయాను. తిరిగొచ్చేసరికి ఆయన షట్టర్ దింపేసి నా బండి పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు, నా మీద చిరాగ్గా. టైర్లో మేకు దిగకపోతే ఈ రోజుకీ చూసేవాడిని కాదేమో.

ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకి పోయాయి. అక్కడి జనం టికెట్ కొని, లైన్లో నిలబడి చూశారు. మా బడి నుంచి ఫణిగిరి వంద కిలోమీటర్ల లోపే. మా స్టాఫ్ రూమ్‌లో చూసినవాళ్లు ఇద్దరం.

సరే, అడగాల్సింది అడుగుతాను. మూడూ ఒక రోజులో అవుతాయా? సగం కంటే ఎక్కువ మంది ఆడపిల్లలు, బాత్రూమ్ సంగతి ఏమిటి? పోయిన ఏడాది ఒకచోటికి ఇలాగే పిల్లలతో పోతే గేటుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడానికి గంట పట్టింది, ఆ గంటలో పిల్లలు బిస్కెట్లన్నీ తినేశారు. ఇక అన్నిటికంటే పెద్ద ప్రశ్న, అక్కడికి పోయాక పిల్లలకు ఏం చూపించాలి? "కాకతీయుల సామంతులైన కందూరు చోళులు" అని నేను మొదలుపెడితే రెండో వాక్యానికే కళ్లు మూతపడతాయి. తరగతిలో రోజూ చూస్తున్నదే.

ఉప్పల్‌లో ఉండే నల్లగొండోడు:

మూడూ ఒక రోజులో కానే కాదు సార్. రెండు కూడా కష్టమే.

నిజం చెప్తా, తిట్టకండి. పోయిన సంక్రాంతికి మా ఇద్దరు పిల్లలను ఛాయా సోమేశ్వరం తీసుకుపోయా. నీడ చూశాం, ఫొటో దిగాం, పది నిమిషాల్లో అయిపోయింది. "ఇంకేంటి డాడీ?" అన్నారు. చుట్టూ పొలాలు, ఒక కూల్ డ్రింక్ దొరికే చోటు కూడా కనబడలేదు. సాగర్ అయితే డ్యామ్ ఉంది, లాంచీ ఉంది. నాగార్జునకొండ కూడా చరిత్రే కదా? పిల్లలు సంతోషంగా వస్తారు, మీకూ టెన్షన్ ఉండదు.

పానగల్లు ఆటో:

సారూ, పైన అన్న రాసింది కరెక్టే, తిట్టేదేం లేదు. బస్టాండ్ నుంచి నా ఆటోలో గుడికి వచ్చేవాళ్లలో పదికి ఎనిమిది మంది గంతే. లోపలికి పోతరు, "ఆ, నీడ ఉన్నది" అంటరు, సెల్ఫీ, బయటికొస్తరు. నేను బీడీ ముట్టిచ్చుకుంటే అది అయిపోయేలోపు వెనక సీట్ల కూసుంటరు. ఎందుకంటే వచ్చేముందే వీడియోల మొత్తం చూసేసిండ్రు. చూడనీకి ఏం మిగలలేదు.

నేను చెప్పేది ఒక్కటే. నీడ ఉంటదని పిల్లలకు ముందు చెప్పకండి.

మండపం ఒకటి, దానికి మూడు దిక్కుల మూడు గర్భగుళ్లు. మూడింట్లోకి తొంగి చూడమనండి. ఏ గుడి తేడాగ ఉన్నదో వాళ్లనే పట్టుకోమనండి. ఎవరో ఒకరు పడతరు: లింగం ఎనక గోడ మీద స్తంభం లెక్క నిలువుగ నీడ. అప్పుడు అడగండి, ఇది ఏ స్తంభం నీడ అని. ఆడ మొదలైతది అసలు గోల. ఎందుకంటే లింగానికి ఎదురుగ స్తంభం ఉండదు. ఒకడు ఇదంటడు, ఒకడు అదంటడు, ఒకడు పోయి స్తంభానికి అడ్డం నిలబడతడు. నిలబడనీయండి. తొందరపడి మీరు జవాబు చెప్పకండి సారూ, మీ సార్లకు ఆ అలవాటు ఉంటది.

ఇంకోటి. ఒకే జాగాల నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. గోడ మీద సుద్దతో గీతలు గీయనీయకండి, అట్ల గీసినోళ్లున్నరు. ఫొటో తీసినంక పచ్చల సోమేశ్వరానికి పోండి, దగ్గరే. ఆడ బయటి గోడల మీద రామాయణం, భారతం కథలు చెక్కి ఉంటయి, ఆ ఆవరణలనే మ్యూజియం ఉన్నది. ఏ రోజు సెలవో ముందుగాల కనుక్కోండి. గంటన్నరకు మళ్లీ ఛాయా సోమేశ్వరానికి వచ్చి అదే జాగాల ఇంకో ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. బయట ఎండ ఇంత దూరం జరిగింది. లోపల నీడ ఉన్నకాన్నే ఉన్నది.

ఎట్లా అంటే మాత్రం నన్ను అడగకండి, అది మీ సైన్సు సారు పని.

పోయేటప్పుడు ఉదయసముద్రం కట్ట మీద బస్సు రెండు నిమిషాలు ఆపండి. కందూరు చోళుల రాజు ఉదయచోడుడు తవ్వించిన చెరువు. ఇప్పుడు కృష్ణా నీళ్లతోని నింపుతున్నరు, నల్లగొండ తాగేది ఈ నీళ్లే. కాళ్లు వంకర చేసే ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మునుగోడు పిల్లలకు నేను చెప్పాల్నా? వాళ్లకు ఇది తప్పకుండ తలకెక్కుతది.

కూల్ డ్రింక్ లేదన్న మాట నిజమే అన్నా. మా వాడొకడు గుడి కాడ చెరుకు రసం బండి పెట్టిండు, నెల రోజులకు తీసేసిండు. ఆదివారం తప్ప మనిషి లేకపాయె. సారు బస్సు వచ్చే రోజు చెప్తే వాన్ని ఆ ఒక్క రోజు తీసుకొస్తా.

పిల్లలమర్రి కోడలు:

సార్ గారూ, ఫణిగిరి ఈసారికి వదిలేయండి. అది గుట్ట ఎక్కాల్సిన చోటు. పైన స్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉన్న విహారాలు, అన్నీ విడివిడిగా పరుచుకుని ఉంటాయి. నీడ ఉండదు. పొద్దున్నే ఎక్కి పదకొండు లోపు దిగాలి. మధ్యాహ్నం మూడింటికి అలసిపోయిన పిల్లలను తీసుకుపోతే జన్మలో మళ్లీ రారు. పానగల్లు, పిల్లలమర్రి చాలు.

మాది సూర్యాపేట పక్కన పిల్లలమర్రి. పుట్టిల్లు మిర్యాలగూడ, పెళ్లయి ఇక్కడికి వచ్చి 19 ఏళ్లు. కొత్తలో మా అత్తమ్మ గుడికి తీసుకుపోయి "ఇది ఆడమనిషి కట్టించిన గుడి, నువ్వు ముందు దీంట్లో దండం పెట్టు" అన్నది. అత్తమ్మకు చదువు రాదు, పేరు కూడా తెలియదు. ఆ మాట మాత్రం వాళ్ల అత్త చెప్పిందట. తర్వాత ఎప్పుడో బోర్డు చదివాను. ఎరకేశ్వరాలయం. కట్టించింది ఎరకసాని, రేచర్ల బేతిరెడ్డి భార్య, 1208లో. ఆమె పేరే స్వామికి పెట్టారు. పక్కన నామేశ్వరాలయం నామిరెడ్డి కట్టించింది, 1202 నాటిది. మీ ఆడపిల్లలకు ఎరకసాని సంగతి చెప్పండి. కాకతీయులంటే అందరూ రుద్రమదేవి దగ్గరే ఆగిపోతారు. ఈమె రాణి కూడా కాదు, ఒక సామంతుడి ఇల్లాలు. రుద్రమ గద్దె ఎక్కడానికి యాభై ఏళ్ల ముందే తన పేరు మీద గుడి నిలబెట్టుకుంది.

ఏం చూపించాలి అన్నారు కదా. నామేశ్వరాలయం మండపంలో పైకి చూడమనండి. క్షీరసాగర మథనం బొమ్మ ఉంటుంది, రంగులతో వేసింది, కాకతీయుల కాలంది. చాలావరకు చెదిరిపోయింది, ఒక్కసారికి కనబడదు. కళ్లు ఆ చీకటికి అలవాటు పడాలి. నాకు మూడోసారి పోయినప్పుడు దొరికింది. ఒకసారి దొరికాక ఇక అదే కనబడుతుంటుంది. వచ్చేవాళ్లలో పైకి చూసేవాళ్లు తక్కువ, అందరి చూపూ స్తంభాల మీదే. నల్లరాయి, అద్దంలా నున్నగా ఉంటుంది. తడితే సరిగమలు పలుకుతాయని ఎవరో చెప్పి పంపిస్తారు. ఇక రాళ్లతో, తాళంచెవులతో టకటకా కొట్టడమే. దెబ్బపడ్డ చోటల్లా తెల్లగా పొక్కుతుంది. పిల్లల చేతుల్లోంచి తాళంచెవులు, కంపాస్ బాక్సులు బస్సులోనే పెట్టించండి. కంపాస్ ముల్లుతో రాసిన పేర్లు ఉన్నాయి మా గుళ్లో. "లవ్" అనే మాట ఎన్ని రకాల స్పెల్లింగులతో రాయొచ్చో ఇక్కడ చూసి నేర్చుకోవచ్చు.

ఆవరణలో శాసనాల రాళ్లున్నాయి. ఒకటి 1195 నాటిది, కాకతి రుద్రదేవుడి కాలం. ఓపికగా చూస్తే పిల్లలే కొన్ని అక్షరాలు గుర్తుపడతారు. ముందుగా ఎవరికి ఒక అక్షరం దొరికితే వాళ్లకు చాక్లెట్ అనండి, చాలు. పిల్లలమర్రి పినవీరభద్రకవి అని ఇంటర్ తెలుగులో విన్న పేరు గుర్తుందా? ఇంటిపేరు మా ఊరిదే.

ఇక బాత్రూములు. గుడి దగ్గర ఆశ పెట్టుకోకండి. ఊళ్లో బడి ఉంది, మీరూ బడివాళ్లే, ముందు రోజు ఆ సార్లకు ఒక ఫోన్ కొడితే కాదనరు. భోజనం మాత్రం హైవే హోటల్‌లో పెట్టించకండి, మీకు దండం పెడతా. బస్సులు అక్కడే ఆగి తిని, ఇక్కడికి వచ్చి చేతులు తుడుచుకున్న కాగితాలు పడేసి పోతాయి. మాకు మిగిలేది ఆ కాగితాలే. మా సంఘంలో ఆరుగురం ఉన్నాం. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, పచ్చిపులుసు, తలకు 80 రూపాయలు. ఎంతమందో రెండు రోజుల ముందు చెప్పండి.

పాలమూరు మనిషి:

ఒక చిన్న జాగ్రత్త సార్. బస్సు డ్రైవర్‌కు "పిల్లలమర్రి" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. మా బావగారు సూర్యాపేట గుళ్లు చూద్దామని ఫోన్లో మ్యాప్ పెట్టుకుని హైదరాబాద్‌లో బయల్దేరి, మహబూబ్‌నగర్ వచ్చి మా మర్రిచెట్టు ముందు దిగాడు. "గుడి ఏది?" అని నాకే ఫోన్. మాది 700 ఏళ్ల మర్రి అంటారు, 2018లో చెదలు పట్టి కూలిపోతుంటే మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించి బతికించారు. బావను ఉత్తచేతులతో ఎందుకు పంపాలని అక్కడి మ్యూజియం చూపించా. శ్రీశైలం ముంపులో పోవాల్సిన గుడిని రాయి రాయి విప్పి తెచ్చి, అక్కడ మళ్లీ నిలబెట్టారు. బావకి నచ్చింది. తప్పు ఒప్పుకోలేదు గానీ నచ్చింది. పానగల్లు కూడా రెండున్నాయి, ఒకటి మీది, ఒకటి మా వనపర్తి వైపు కోట ఉన్నది.

నీడల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు. పది నుంచి పద్నాలుగు అడుగుల రాళ్లు, నిటారుగా పాతినవి, రాజులూ శాసనాలూ లేని కాలానివి. సూర్యుడు ఎటు జరిగాడో ఆ రాళ్ల వరసల్ని బట్టి చూసుకునేవాళ్లని పరిశోధకులు అంటున్నారు. ఒక బండ మీద సప్తర్షి మండలం చుక్కలు గుంటలుగా తొలిచి ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. మీ దగ్గర జరగని నీడ, మా దగ్గర జరిగే నీడ. వచ్చే ఏడాది పిల్లలను ఇటు పంపండి, జొన్నరొట్టె బాధ్యత నాది.

మునుగోడు సోషల్ సారు:

పోయి వచ్చాం. ఆలస్యంగా రాస్తున్నాను, హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్దడంలో పడిపోయాను.

ముందు లెక్క చెప్తా, ఇంకెవరైనా టీచర్లు చదివితే పనికొస్తుంది. పిల్లలవి 13,800 వచ్చాయి. బస్సుకు 9,500. మేం ముగ్గురు టీచర్లం, డ్రైవర్ కలిపి 50 ప్లేట్ల భోజనం 4,000. మిగిలిన మూడొందలకు అరటిపండ్లు. చెరుకు రసం నా జేబులోంచి. ఆటో అన్న మాట నిలబెట్టుకుని బండి తెప్పించాడు, నేను వద్దంటే బాగుండేది కాదు.

ఛాయా సోమేశ్వరంలో అన్న చెప్పినట్టే నోరు మూసుకుని నిలబడ్డాను. చాలా కష్టమైంది. "గుళ్లేగా" అన్నవాడు మొదట మండపం మెట్ల మీద కూర్చుని ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు (ఫోన్లు బడిలోనే పెట్టించాం). లోపల గొడవ పెద్దదయ్యేసరికి వచ్చాడు. ఐదు నిమిషాల్లో వాడే పెద్దమనిషి. ఒక్కొక్కరిని ఒక్కో స్తంభం పక్కన నిలబెట్టి "నువ్వు జరుగు, నువ్వు జరుగు" అని కేకలు. తొమ్మిదో తరగతిలో అందరికంటే పొట్టి పిల్ల ఒకతి ఉంది, క్లాసులో నోరు విప్పదు. ఆ పిల్ల వాడితో అంది: "ఎండ లోపలికి వస్తే కదరా నీడ జరిగేది. ఇక్కడికి ఎండ వస్తలేదు, వెలుతురే వస్తుంది."

నేను మా ఫిజిక్స్ సారు మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు. పిల్ల చెప్పింది అదే మరి. సూర్యుడు నేరుగా లోపల పడడు. మండపంలోకి ఇరుపక్కల నుంచి వచ్చే వెలుతురు స్తంభాల సందుల్లోంచే లోపలికి పోవాలి. సూర్యుడు జరుగుతాడు గానీ సందులు జరగవు కదా, అందుకే నీడ అక్కడే ఉంటుంది. మర్నాడు బడిలో చెప్పుల డబ్బాకు కిటికీలు కోసి, లోపల స్కెచ్ పెన్నులు నిలబెట్టి, వరండాలో పెట్టి చూశాం. రెండుసార్లు ఏమీ రాలేదు. మూడోసారి పెన్నులు కొంచెం పక్కకు జరిపితే వెనక అట్ట మీద మసగ్గా ఒక గీత పడింది. డబ్బా ఇంకా స్టాఫ్ రూమ్‌లో నా టేబుల్ మీదే ఉంది, తీయనివ్వడం లేదు.

కట్ట మీద ఆగినప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఒక పిల్లవాడు వాళ్ల నాయనమ్మ కాళ్ల సంగతి చెప్పాడు. అంతే.

పిల్లలమర్రిలో 50 నిమిషాలు లేటు, నకిరేకల్ దాటాక ఒకడికి వాంతులు. అయినా వేడన్నం పెట్టిన ఆ తల్లులకు దండాలు. పచ్చిపులుసు రెండోసారి అడిగినవాళ్లలో నేనూ ఉన్నా. క్షీరసాగర మథనం నాకు దొరకలేదమ్మా. మా ఆడపిల్లలు ఏడెనిమిది మంది నేల మీద వెల్లకిలా పడుకుని చూసి, దొరికిందని అరిచారు. నిజంగా దొరికిందో, నన్ను ఏడిపించడానికి అరిచారో తెలియదు. శాసనం దగ్గర చాక్లెట్లు అయిపోయాయి. ఎరకసాని పేరు మాత్రం ఇప్పుడు క్లాసులో తిట్టులా వాడుతున్నారు: ఎవరైనా పెత్తనం చేస్తే "ఏం ఎరకసానివా?" అంటున్నారు. ఎలా తీసుకోవాలో నాకింకా అర్థం కాలేదు.

ఆ రోజు "ఫ్రీగా చూడమనండి" అన్న తండ్రి నిన్న గేటు దగ్గర కనబడి, తమ ఊరి బయటి గుడి తలుపు మీద ఏవో అక్షరాలున్నాయి, ఒకసారి వచ్చి చూస్తారా అని అడిగాడు. ఆదివారం పోతున్నాను.

ఫణిగిరి జనవరిలో అనుకుంటున్నాం. 2024లో అక్కడ తవ్వకాల్లో కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయని చెప్పాను, ఇక ఆగడం లేదు. ఒకడు ఇంట్లోంచి పలుగు తెస్తానన్నాడు, బస్సు ఎక్కేటప్పుడు సంచులు వెతకాలి. గుట్ట ఎక్కేటప్పుడు నీళ్లు కింద దొరుకుతాయా, మోసుకుపోవాలా? అటువైపు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఉప్పల్‌లో ఉండే నల్లగొండోడు:

సార్, ఆ ఫొటోలు రెండూ ఇక్కడ పెట్టండి. మా వాడికి చూపిస్తా. సంక్రాంతికి ఎలాగూ వస్తున్నాం.

పానగల్లు ఆటో:

పెట్టకండి సారూ. రానీయండి.

మీ పొట్టి పిల్ల మొన్న ఆదివారం వాళ్ల అమ్మను, నాయనను ఎంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. బస్టాండ్ల నా ఆటోనే ఎక్కిండ్రు. దారిల నేను నీడ సంగతి ఎత్తబోతే ఎనక సీట్ల నుంచి నా భుజం మీద గట్టిగ గిల్లింది.